పాత పుస్తకాలే గురువులు

చేతిరాత కుదరాలంటే రోజూ రెండు పేజీల కాపీ రాయించాలని మన బడుల్లో, ఇళ్లల్లో అనుకుంటాం. పిల్లల చేతిలో ఉన్న కలం ఎలాంటిదో చూసేది తక్కువ. ఎడ్వర్డ్ జాన్‌స్టన్ మొదట చూసింది కలాన్నే.

ఆయన 1872లో ఉరుగ్వేలో పుట్టారు. చిన్నతనంలోనే కుటుంబం ఇంగ్లండ్ చేరింది. చదువు చాలావరకు ఇంట్లోనే సాగింది. ఎడిన్‌బరోలో వైద్యవిద్యలో చేరినా ఆరోగ్యం బాగోక మానేశారు. 1898లో లండన్ వచ్చేనాటికి చేతిలో పట్టా లేదు, అక్షరాల మీద ఇష్టం మాత్రం ఉంది. అక్కడి సెంట్రల్ స్కూల్ ప్రిన్సిపాల్ విలియం లెథబీ ఆ ఇష్టాన్నే నమ్మి, 1899లో అక్షరకళ తరగతి అప్పగించారు. చిక్కల్లా ఒకటే. ఆ విద్యను జాన్‌స్టన్‌కు నేర్పినవారు ఎవరూ లేరు.

అందుకని బ్రిటిష్ మ్యూజియంలో వందల ఏళ్ల నాటి రాతప్రతుల ముందు కూర్చున్నారు. లావు గీత, సన్న గీత ఎక్కడ పడ్డాయో పరిశీలించారు. చేతిని నొక్కడం వల్ల కాదు, వెడల్పు పాళీని ఒకే వాలులో పట్టడం వల్లే ఆ తేడా వస్తోందని గ్రహించారు. ఈక కలాలు తానే చెక్కుకుని రాసి చూశారు. మన తాటాకుల దారి వేరు. గంటం మొన గీసే గీత అంతటా దాదాపు ఒకే మందం. అక్షరం రూపంలో పనిముట్టు వాటా ఎంతో ఈ రెంటినీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

మొదట ఒక పాత గుండ్రటి లిపి నేర్పారు. తర్వాత 10వ శతాబ్దపు రామ్సీ కీర్తనల ప్రతి ఆధారంగా పాఠాన్నే మార్చుకున్నారు. అందులో చిన్న అక్షరం ఎత్తు పాళీ వెడల్పుకు నాలుగు రెట్లు. ఈ కొలత పట్టుబడితే పిల్లలు సొంతంగా తప్పు దిద్దుకోగలరు కాబట్టి, మనకు ఇదే ఆయన అసలు పాఠం అనిపిస్తుంది. బ్లాక్‌బోర్డు మీద సుద్దముక్కను వెడల్పు అంచుతో పట్టి రాసి చూపేవారు. 1906లో ఆయన పుస్తకం వచ్చింది. శిష్యురాలు అన్నా సైమన్స్ దాన్ని జర్మన్‌లోకి తెచ్చారు.

1916లో లండన్ భూగర్భ రైల్వే కోసం ఆయన గీసిన అక్షరాల్లో లావు సన్నాల తేడా కనబడదు. 1944లో ఆయన పోయాక కూడా, కొన్ని మార్పులతో, స్టేషన్ల బోర్డుల మీద అవే నిలిచాయి. వాటిలో చిన్న ‘ఐ’ మీది చుక్క గుండ్రంగా ఉండదు. వెడల్పు పాళీని వాలుగా ఆనిస్తే పడే మచ్చలా, నాలుగు మూలలతో ఏటవాలుగా ఉంటుంది.