రాజా దీన్‌దయాళ్

కాలప్రవాహంలో కొట్టుకొనిపోయే దృశ్యాలను పదిలపరచుకోవాలన్నది మానవుని చిరకాల వాంఛ. శిల్పి రాతిలోను, చిత్రకారుడు రంగులలోను ఆ ప్రయత్నం చేశారు. పందొమ్మిదవ శతాబ్దంలో వెలుగే కుంచెగా, గాజుపలకే చిత్రఫలకంగా ఛాయాచిత్రకళ అవతరించింది. ఆ కళలో ప్రపంచఖ్యాతి గడించిన తొలితరం భారతీయులలో అగ్రగణ్యుడు రాజా దీన్‌దయాళ్. జన్మతః ఉత్తరాదివాడైనా, ఆయన జీవితంలోని చివరి రెండు దశాబ్దాలు హైదరాబాదు సంస్థానంతో పెనవేసుకొన్నాయి.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, ఇండోరులో ప్రజాపనుల శాఖలో ఉద్యోగిగా చేరారు. కొలతలు వేయడం, కట్టడాల నమూనాలు గీయడం ఆయన పని. ఆ పనిలో అలవడిన నిశితదృష్టి కెమెరా చేతబట్టినప్పుడు ఎంతో అక్కరకు వచ్చింది. 1874 ప్రాంతంలో ఛాయాచిత్రాలు తీయడం ప్రారంభించిన ఆయనను ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు ప్రోత్సహించారు. సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట మధ్యభారతంలో పర్యటించి ఆయన తీసిన ప్రాచీన కట్టడాల చిత్రాలు 1886లో గ్రంథరూపంలో వెలువడ్డాయి.

ఆ రోజులలో ఛాయాచిత్రం తీయడం సులభసాధ్యం కాదు. తడిపలక పద్ధతిలో రసాయనద్రవం పూసిన గాజుపలక ఆరకముందే చిత్రం తీసి, అక్కడే వేసిన చీకటి గుడారంలో దానిని కడగవలసి వచ్చేది. బరువైన కెమెరాను, గాజుపలకలను, రసాయనాలను, నీటిని బండ్లమీద తరలించాలి. మండుటెండలో పలక త్వరగా ఆరిపోయేది. దుమ్ము పడితే చిత్రం చెడిపోయేది. తరువాత పొడిపలకలు వాడుకలోకి వచ్చి ఈ శ్రమ కొంత తగ్గినా, ఓర్పు, క్రమశిక్షణ లేనివారికి ఈ విద్య అందేది కాదు.

1880ల మధ్యలో దీన్‌దయాళ్ ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారులయ్యారు. సికింద్రాబాదులో చిత్రశాలను నెలకొల్పారు. గోదావరి పాయల నడుమ, కొబ్బరితోటల నీడలో పెరిగిన కోనసీమ విద్యార్థికి ఆయన కెమెరాకెక్కిన దక్కను పీఠభూమి వేరొక లోకంగా తోస్తుంది. వానలు తక్కువ, ఎండ ఎక్కువ. గుండ్రని బండరాళ్ల గుట్టలు, వాటి నడుమ చెరువులు, కోటలు. గోల్కొండ వంటి చారిత్రక స్థలాలతో పాటు ఔరంగాబాదు ప్రాంతంలో జరిగిన కరువు సహాయక చర్యలను కూడా ఆయన చిత్రించారు. దర్బారు వైభవాన్ని చూపిన ఆ కెమెరాయే ఎండిన నేలమీది బతుకులనూ చూపింది.

పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేక చిత్రశాలను తెరిచి, ఒక ఆంగ్లవనిత పర్యవేక్షణలో నడిపించారు. నిజాము ఆయనను ముసవ్విర్ జంగ్ బిరుదుతో సత్కరించగా, విక్టోరియా రాణి రాజముద్ర గల నియామకపత్రాన్ని ప్రసాదించారు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలు చోటుచేసుకొన్నాయి.

సంస్థానపు వేటలను చిత్రించడం కూడా ఆయన విధులలో ఒకటి. 1902లో వరంగల్లు ప్రాంతంలోని నెక్కొండ అడవులలో వైస్రాయి కర్జను పులివేట సాగించినప్పుడు తీసిన చిత్రం సుప్రసిద్ధమైనది. అందులో కర్జను దంపతులు నిలిచి ఉంటారు. వారి ముందు చచ్చిన పులి పడి ఉంటుంది. నాటి వారికది పరాక్రమచిహ్నం. నేటి మనకు అదే చిత్రం అడవి కోల్పోయిన సంపదకు సాక్ష్యం. చిత్రకారుడు ప్రభువుల ఆజ్ఞను పాటించినా, కెమెరా మాత్రం నిజాన్ని దాచలేదు.

సజీవమృగాన్ని అడవిలోనే చిత్రించడం అప్పటికి అరుదు. తూర్పు ఆఫ్రికాలోని పొదల మైదానాలలో రాత్రివేళ మెరుపువెలుగుతో మృగాల చిత్రాలు తీసిన జర్మన్ వేటగాడు కార్ల్ గియోర్గ్ షిల్లింగ్స్ 1905లో తన గ్రంథాన్ని ప్రకటించారు. ఆయన ఒక చేత తుపాకీ, ఒక చేత కెమెరా పట్టినవాడే. క్రమంగా తుపాకీ పక్కకు తప్పుకొని కెమెరా మిగిలింది. మన దేశంలో అటవీశాఖాధికారి ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ పులులను సజీవంగా చిత్రించి 1927లో గ్రంథం వెలువరించారు. వేటను అరికట్టే వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అప్పటికే మన అడవులనుండి చీతా అంతరించిపోయింది.

షిల్లింగ్స్ గ్రంథం వెలువడిన 1905లోనే దీన్‌దయాళ్ పరమపదించారు. ఆయన గాజుపలకలలో 2,857 పలకలను 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించి భద్రపరచింది. 2006లో తపాలాశాఖ ఆయన స్మారకంగా తపాలాబిళ్లను విడుదల చేసింది.

నవాబులు, వైస్రాయిలు చరిత్రలో కలిసిపోయారు. వారిని మనకు చూపుతున్నవి పగిలే స్వభావం గల ఆ గాజుపలకలే. ఈనాడు ప్రతి చేతిలోను కెమెరా ఉన్నది. దేనిని చిత్రించాలో, చిత్రంతో సరిపెట్టుకోక దేనిని సజీవంగా నిలుపుకోవాలో వివేచించే బాధ్యత నేటి యువతరానిది. రాజా దీన్‌దయాళ్ జీవితం మనకందించే సందేశం ఇదే.