రబ్బీ రెజీనా యోనాస్

ధర్మగ్రంథములను వ్యాఖ్యానించుటయు, సమాజమునకు ధర్మనిర్ణయము చేయుటయు పురుషులకే చెల్లునని తరతరములుగా భావించిన మతములలో యూదుమతము ఒకటి. ఆ మతమునందు గురుస్థానము వహించు పండితుని రబ్బీ యందురు. రబ్బీ అర్చకుడు కాడు, ప్రధానముగా ధర్మశాస్త్రవేత్త. వివాహము, ఆహారనియమము, విశ్రాంతిదినాచరణము మొదలైన విషయములలో సందేహము పొడమినప్పుడు శాస్త్రము నాధారముగా గొని సమాధానము చెప్పువాడు. శిష్యుని పాండిత్యమును పరీక్షించి గురువు పట్టమిచ్చుట పూర్వమునుండి వచ్చుచున్న ఆచారము. ఆ పట్టమును పొందినట్లు నిశ్చితమైన ఆధారములు గల తొలి మహిళ రెజీనా యోనాస్.

ఆమె 1902 ఆగస్టు 3వ తేదీన బెర్లిన్ నగరమున జన్మించెను. ఆ కుటుంబము నివసించిన పేట నిరుపేదలది. తూర్పు ఐరోపానుండి వలసవచ్చిన యూదులు అచట కిక్కిరిసి యుండిరి. తండ్రి వోల్ఫ్ యోనాస్ చిల్లర వర్తకుడు. 1913లో ఆయన క్షయవ్యాధిచే మరణించగా, తల్లి సారా కుమారుడైన ఆబ్రహామును, రెజీనాను ఎన్నో యిబ్బందులకోర్చి పెంచెను. కలిమి లేకున్నను ఆ యింట ధర్మగ్రంథముల యెడ భక్తి కొరవడలేదు. రికెష్ట్రాసె వీధిలోని ప్రార్థనామందిరమున రబ్బీగా నుండిన మాక్స్ వైల్ ఆ బాలిక శ్రద్ధను గుర్తించి, స్వయముగా ఆమెకు శాస్త్రపాఠములు చెప్పెను. అది ఆమె జీవితమునకు పునాది.

1924లో ఆమె బెర్లిన్‌లోని యూదు విద్యల ఉన్నత విద్యాలయమున ప్రవేశించెను. 1872లో స్థాపితమైన ఆ సంస్థలో స్త్రీలు చదువుటకు అభ్యంతరము లేదు. అయితే వారు చదువు ముగించి మతబోధ చేయు ఉపాధ్యాయినులగుటయే వాడుక. రెజీనా మాత్రము రబ్బీ కావలెనను సంకల్పముతోనే చేరెను. బాలికల పాఠశాలలలో బోధించుచు, ఆ జీతముతో జీవనము గడుపుకొనుచు ఆమె విద్య కొనసాగించెను.

1930లో ఆమె సమర్పించిన సిద్ధాంతవ్యాసమునకు విషయము, స్త్రీ రబ్బీ పదవి వహింపవచ్చునా యనునది. ఆ ప్రశ్నకు ఆమె ఎన్నుకొన్న మార్గము గమనింపదగినది. కాలము మారినది గనుక శాస్త్రమును పక్కన బెట్టవలెనని ఆమె వాదింపలేదు. శాస్త్రమునే ప్రమాణముగా గైకొని, బైబిలును, తల్ముద్ గ్రంథమును, తరువాతి వ్యాఖ్యాతల అభిప్రాయములను పరిశీలించెను. న్యాయనిర్ణేత్రియైన దెబోరా, ప్రవక్త్రియైన హుల్దా, శాస్త్రచర్చలో పండితులకు దీటుగా నిలిచిన బెరూరియా మొదలైనవారిని నిదర్శనములుగా చూపెను. కొన్ని విధులనుండి స్త్రీకి మినహాయింపు కలదన్నంత మాత్రమున ఆ కార్యములు ఆమెకు నిషిద్ధములు కావు. ఆచారము వేరు, నిషేధము వేరు. స్త్రీ గురువగుటకు ధర్మశాస్త్రము అడ్డు కాదనియు, జనుల దురభిప్రాయమును, అలవాటు లేమియునే అడ్డనియు ఆమె నిర్ధారించెను. దయ, వాత్సల్యము, నిరాడంబరత ఈ పదవికి అవసరములనియు, అవి స్త్రీయందు సహజములనియు ఆమె నమ్మిక.

తల్ముద్ శాస్త్రాచార్యుడైన ఎడ్వర్డ్ బానెట్ ఆ వ్యాసమును మంచిదిగా పరిగణించెను. కాని ఆయన ఆ సంవత్సరముననే దివంగతుడయ్యెను. తరువాత ఆ స్థానమునకు వచ్చినవారు స్త్రీకి పట్టమిచ్చుటకు సమ్మతింపలేదు. ఆమెకు దక్కినది మతోపాధ్యాయిని యోగ్యతాపత్రము మాత్రమే. ఆమె అధైర్యపడక పాఠములు చెప్పుచు వేచియుండెను.

1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. జర్మనీలోని యూదులకు ఒక్కొక్క ద్వారమే మూసికొనిపోయెను. 1935 సెప్టెంబరులో నూరెంబర్గ్ శాసనములు వారి పౌరహక్కులను హరించెను. ఆ సంవత్సరాంతముననే, ఉదారవాద రబ్బీలలో ప్రముఖుడైన మాక్స్ డీనెమాన్ ఓఫెన్‌బాఖ్ పట్టణమున రెజీనాను పరీక్షించి, డిసెంబరు 27వ తేదీన పట్టమొసగెను. సర్కారు సమస్త గౌరవములను లాగివేయుచున్న దినములలో, శాస్త్రము ఈయదగిన గౌరవము ఆమెకు లభించెను.

పట్టము వచ్చినను పీఠము రాలేదు. బెర్లిన్ యూదు సంఘము ఆమెకు ప్రధానమందిరములలో రబ్బీ స్థానము నీయక, బోధనకును, ఆసుపత్రులలో, వృద్ధాశ్రమములలో పరామర్శకును నియమించెను. రోగుల పడకల చెంతను, సంతానము విదేశములకు తరలిపోగా ఒంటరులైన వృద్ధుల చెంతను ఆమె గడిపెను. 1938 నవంబరులో ప్రార్థనామందిరములు తగులబడినవి. రబ్బీలనేకులు నిర్బంధింపబడిరి, మరికొందరు దేశము విడిచిరి. గురువులు లేక మిగిలిన చిన్న ఊళ్లకు రెజీనా ప్రయాణము చేసి ప్రార్థనలు నడపెను, ప్రవచనములు చేసెను. సుఖదినములలో ఆమెకు వేదిక యీయ వెనుదీసిన సమాజమే ఆపత్సమయమున ఆమె పలుకుకై ఎదురుచూచెను.

1942లో ఆమెను కర్మాగారమున నిర్బంధశ్రమకు నియోగించిరి. పగలంతయు పనిచేసి, తీరికవేళ ఆమె తన గురుకార్యము మానలేదు. జర్మను యూదుల నాయకుడైన లియో బేక్ ఆమె పట్టపు పత్రమును ధ్రువపరచి సంతకము చేసినదియు ఆ యేటనే. ఆ నవంబరు 6వ తేదీన ఆమెను, వృద్ధురాలైన తల్లిని బొహీమియాలోని తెరెజీన్ నిర్బంధనగరమునకు తరలించిరి. అంతకుముందే ఆమె తన పట్టపు పత్రమును, సిద్ధాంతవ్యాసమును, కొన్ని లేఖలను, ఛాయాచిత్రములను సంఘపు పత్రభాండారమున భద్రపరచెను.

తెరెజీన్‌లో వియన్నా మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్ ఆధ్వర్యమున నడచిన సేవాదళమున ఆమె చేరెను. రైళ్లలో దిగు బందీలు ఆ స్థలము చూచి దిగ్భ్రాంతులగుచుండిరి. వారికి ధైర్యము చెప్పి ప్రాణముపై ఆశ నిలుపుట ఆమె విధి. అచట ఆమె యూదుస్త్రీల చరిత్రమును, తల్ముద్‌ను, పండుగలను గూర్చి ఉపన్యసించెను. 24 ఉపన్యాసముల పట్టిక ఆమె స్వహస్తముతో వ్రాసినది నేటికిని నిలిచియున్నది. 1944 అక్టోబరు 12వ తేదీన ఆమెను తల్లితోకూడ ఆష్విట్జ్‌నకు పంపిరి. అచట ఆమె హతురాలయ్యెను. అప్పటికామె వయస్సు 42 సంవత్సరములు.

పిమ్మట దీర్ఘమైన మౌనము. బేక్, ఫ్రాంక్ల్ ఇరువురును బ్రతికి బయటపడి గ్రంథములు వ్రాసిరి గాని వాటిలో ఆమె పేరు కానరాదు. 1972లో అమెరికాలో శాలీ ప్రీశాండ్ పట్టము పొందినప్పుడు, స్త్రీ రబ్బీ యగుట అదియే తొలిసారియని పలువురు తలచిరి. బెర్లిన్ గోడ కూలిన తరువాత, 1991లో కతరీనా ఫాన్ కెల్లెన్‌బాఖ్ అను విదుషి తూర్పు జర్మనీ పత్రభాండారములో ఆ కట్టను కనుగొనెను. పట్టపు పత్రము, వ్యాసము, నల్లని గురువస్త్రముతో నిలిచిన ఛాయాచిత్రము చెక్కుచెదరక వెలుగుచూచెను.

నేడు సంస్కరణవాద, కన్సర్వేటివ్ శాఖలలో స్త్రీలు రబ్బీలుగా నున్నారు. సనాతన శాఖలో ఇంకను చర్చ సాగుచున్నది. 2010లో బెర్లిన్‌లో అలీనా ట్రైగర్ అను స్త్రీకి పట్టమీయబడెను. యుద్ధానంతరము జర్మనీలో అట్టి గౌరవము పొందిన తొలి స్త్రీ ఆమెయే. తన ప్రాణమును కాపాడుకొనజాలని రెజీనా యోనాస్ తన పత్రములను కాపాడుకొనెను. వాటి వలననే ఆమె అనంతరము వచ్చిన స్త్రీలకు తమ ముందు నడచిన గురువెవరో తెలియవచ్చెను.