డేల్ ఎర్న్‌హార్ట్

కర్ణుడు నాగాస్త్రమును ప్రయోగించినప్పుడు శ్రీకృష్ణుడు రథమును నేలలోనికి క్రుంగద్రొక్కి అర్జునుని కాపాడెనని భారతకథ. ముందునకు తోలుట మాత్రమే కాదు, కాచుకొనుటయు సారథ్యమే. మోటారు పందెములందును ఇది సత్యము. 2023వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన మన హైదరాబాదు నగరమున హుస్సేన్ సాగరు ఒడ్డున విద్యుత్కార్ల పందెము జరిగెను. అందు జాన్ ఎరిక్ వెర్న్ అను ఫ్రెంచి సారథి, తన బ్యాటరీలో శక్తి తక్కువగా నున్నను, వెనుక తరుముకొని వచ్చుచున్న నిక్ కాసిడీకి తుదివరకు దారి ఈయక గెలుపొందెను. ఇట్టి ఆత్మరక్షణ విద్యయందు అమెరికా దేశమున మిక్కిలి పేరొంది, తుదకు దానియందే ప్రాణములు విడిచిన డేల్ ఎర్న్‌హార్ట్ జీవితము మనము తెలిసికొనదగినది.

ఇతడు 1951వ సంవత్సరము ఏప్రిల్ 29వ తేదీన నార్త్ కరోలినా రాష్ట్రమందలి కన్నాపొలిస్ అను బట్టల మిల్లుల ఊరిలో జన్మించెను. తండ్రి రాల్ఫ్ మిల్లుపని మాని, మట్టిబాటలపై కారు పందెములాడి కుటుంబమును పోషించెను. 1956లో తన తరగతిలో జాతీయ విజేత యయ్యెను. తండ్రి వలదన్నను వినక డేల్ తొమ్మిదవ తరగతిలో చదువు మానెను. 1973లో తండ్రి గుండెజబ్బుచే మరణించెను. అప్పటికి డేల్ పేరులేని యువకుడు. అతని అగ్రశ్రేణి విజయములలో ఒక్కటైనను తండ్రి చూడలేదు.

అతడు చేపట్టినది స్టాక్ కార్ల పందెము. పూర్వము అంగడిలో కొన్న కార్లనే తెచ్చి పరుగెత్తించెడివారు గనుక దీనికా పేరు వచ్చెను. పిమ్మట రూపము మాత్రము అట్లుండగా, కారంతయు పందెము కొరకే కట్టసాగిరి. నాస్కార్ అను సంస్థ 1948 నుండి ఈ పందెములను నడపుచున్నది. డేల్ 1975లో అగ్రశ్రేణి పందెమున తొలిసారి పాల్గొనెను. 1979లో ఉత్తమ నూతన సారథిగా ఎన్నికై, మరుసటి ఏడే జాతీయ విజేత యయ్యెను. 1994 నాటికి ఏడు పర్యాయములు ఆ పదవిని పొంది రిచర్డ్ పెట్టీతో సమానుడయ్యెను. జీవితమున 76 పందెములు గెలిచెను. అతని నల్లని మూడవ నెంబరు కారు అద్దములో కనబడినంతనే ముందువారు బెదరెడివారు.

అతని నేర్పెట్టిదో తెలియవలెనన్న డేటోనా బాటను గూర్చి కొంత చెప్పవలెను. అది చుట్టు నాలుగు కిలోమీటర్లు. మలుపులు 31 డిగ్రీలు వాలియుండును. 1987లో మరియొక బాటపై ఒక కారు గాలిలోకి లేచి ప్రేక్షకుల కంచెను చీల్చినది. అందుచే 1988 నుండి ఈ రెండు బాటలపైనను ఇంజనునకు గాలిపోవు దారిలో చిన్న రంధ్రములుగల రేకు నమర్చి వేగము తగ్గించిరి. దానివలన కార్లన్నియు ఇంచుమించు ఒకే వేగమున, మందవలె, ఒకదాని నొకటి ఒరసికొనుచు పోవలసి వచ్చెను. ముందు కారు గాలిని చీల్చగా, దాని చాటున వచ్చు కారునకు శ్రమ తక్కువ. అదను చూచి అది ప్రక్కకు వెడలి దాటిపోవును. కావున ముందున్నవాడు అద్దముపై చూపు నిలిపి, వెనుకవాడు ఏ వైపునకు తిరుగునో కనిపెట్టి, ముందుగనే ఆ ఎడమును మూయవలెను. వెనుకవాని కారు ముక్కు తన ప్రక్కకు వచ్చిన పిదప మూయబూనినచో ఢీకొనుట తప్పదు. అరక్షణము ముందైన రక్షణ, అరక్షణము వెనుకైన ప్రమాదము.

1987లో షార్లట్ నగరమందలి పందెమున, వెనుకవచ్చిన బిల్ ఎలియట్‌తో తాకిడి కలిగి డేల్ కారు పచ్చికలోనికి పోయెను. అయినను చక్రము వదలక, ప్రథమస్థానము విడువక, తిరిగి బాటనెక్కి గెలిచెను. అతని ప్రవర్తన సర్వదా ప్రశంసనీయమని చెప్పజాలము. 1999లో బ్రిస్టల్ పందెము చివరి చుట్టున టెర్రీ లబాంటీ కారును తాకి త్రిప్పివేసి గెలువగా, వేలకొలది జనులు అతనిని ఎగతాళి చేసిరి. డేటోనా 500 అను గొప్ప పందెము మాత్రము అతనికి చిరకాలము చిక్కలేదు. 1990లో తుదిచుట్టున గెలుపు చేతిలో నుండగా చక్రపు టైరు తెగెను. ఇరువదవ ప్రయత్నమున, 1998లో, అది లభించెను.

2001వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన అదే పందెము చివరి చుట్టున మొదట మైకేల్ వాల్ట్రిప్, రెండవ స్థానమున డేల్ కుమారుడు, మూడవ స్థానమున డేల్ ఉండిరి. ముందు రెండు కార్లును డేల్ సొంత సంస్థవే. అతడు తన గెలుపు నాశింపక, వెనుకనున్న మందను ఆపుచు వారిద్దరిని కాచుచున్నాడని చూచినవారికి తోచెను. నాలుగవ మలుపున స్టెర్లింగ్ మార్లిన్ కారుతో తాకిడి కలిగి, డేల్ కారు అదుపు తప్పి, పైకెగసి గోడను ఢీకొనెను. అంతకుముందు 462 పందెములలో ఒక్కటియు గెలువని వాల్ట్రిప్ ఆ క్షణముననే విజేత యయ్యెను. కపాలము అడుగుభాగము విరిగి డేల్ మరణించెను. వయస్సు 49 సంవత్సరములు.

తలను మెడను నిలిపియుంచు హాన్స్ అను సాధనము అప్పటికే కలదు. దానిని ధరించుటకు డేల్ ఇష్టపడలేదు. అంతకుముందు ఏడాదిలోపుగనే నాస్కార్ సారథులు ముగ్గురు పందెపు బాటలపై మరణించియుండిరి. అయినను కట్టడి రాలేదు. ఇంతటివాడు మరణించిన పిదప, 2001 అక్టోబరులో అట్టి మెడకాపు తప్పనిసరి చేయబడెను. దెబ్బను తాము గ్రహించు ఉక్కుగోడలు 2002 నుండి బాటలందు వెలసెను. ఆనాటినుండి రెండు దశాబ్దములకు పైగా ఆ అగ్రశ్రేణి పందెములలో ఏ సారథియు మరణింపలేదు. తన స్థానమును, తనవారిని కాచుటలో సాటిలేనివాడు తన మెడను కాచుకొనుట మరచెను. అతని మరణము తరువాతివారికి కాపు అయ్యెను.

విద్యార్థులారా! మాదాపూరు, గచ్చిబౌలి, హైటెక్ సిటీ రహదారులపై ఎడమును మూయుచు, ఎదుటివానిని బెదరించుచు పోవు యువకులను మీరు నిత్యము చూచుచున్నారు. పందెమున ఎడమును మూయుట రక్షణ. వీధిలో ఎడమును విడుచుటయే రక్షణ. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి రెండు సెకనులలో 33 మీటర్లు పోవును. అంత ఎడమైనను ముందు బండికి విడువవలెను. వానలో మరింత విడువవలెను. ఎదుటివాడు తప్పుచేయవచ్చునని తలచి నడుపుట పిరికితనము కాదు. శిరస్త్రాణమును, నడుముపట్టీని ధరించుట అవమానము కాదు. ఏడుమారులు జాతీయ విజేతయైన వానికే ఆ కాపు అవసరమైనప్పుడు మనకు అవసరము కాదా?