నీతి తప్పని రౌతు – ఐజాక్ మర్ఫీ

ప్రతి సంవత్సరమును ఆటల దినము ముగిసిన సాయంకాలమున మన విద్యార్థులలో ఒక వాదము బయలుదేరుచుండును. బహుమానము గెలిచినవాడే మేటియా? నియమము తప్పక పోరాడి వెంట్రుకవాసిలో నోడినవాడు మేటి కాడా? ఈ వాదము బోజనశాలలోను, వసతిగృహపు వరండాలలోను దీపములార్పువఱకు సాగుచుండును. ఇట్టి తగవు మనుష్యుల యాటలకు మాత్రమే పరిమితమైనది కాదు. గుఱ్ఱపు పందెములను చూడబోవువారిలోను ఇది బహుకాలమునుండి యున్నదే. గడియారము చూపిన వేగమునుబట్టి గుఱ్ఱమును మేటి యనవలెనా? గెలుపుల లెక్కనుబట్టి యనవలెనా? లేక ఓటమి ముంచుకొని వచ్చుచున్నపుడు వెనుదీయని దాని గుండెదిటవునుబట్టి యనవలెనా? ఈ తగవును తీర్చుటకు మేము పూనుకొనము. దానికి బదులుగా, మేలైన గుఱ్ఱములపై తన జీవితమంతయు గడపి, మేటితనమనగా నెట్టిదో తన నడవడిచేత చూపిన యొక పురుషుని చరిత్రమును చదువరుల ముందుంచుచున్నాము.

పందెములపై ద్రవ్యమొడ్డుట మేము మెచ్చు పని కాదని మొదటనే చెప్పుచున్నాము. అశ్వహృదయ మెఱిగిన నలమహారాజు జూదమువలన రాజ్యము గోలుపోయిన కథ మన బాలురందఱు నెఱిగినదే. మేము చెప్పబోవు పురుషుడును అశ్వహృదయ మెఱిగినవాడే; కాని జూదరుల మధ్య బ్రదుకుచును వారి చేతికి చిక్కనివాడు. అందుచేతనే అతని కథ వినదగినది.

ఐజాక్ మర్ఫీ 1861వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కెంటకీ రాష్ట్రమున నీగ్రో కుటుంబమునందు జన్మించెను. ఆ దేశమున ఉత్తర దక్షిణ రాష్ట్రములకు ఘోరయుద్ధ మారంభమైన సంవత్సర మదియే. అప్పటికి కెంటకీలో బానిసత్వ మింకను నిలిచియుండెను. ఐజాక్ తండ్రి ఉత్తరపు సైన్యమున చేరి, ఆ సేవలో నుండగనే మరణించెను. తండ్రి యింటిపేరు బర్న్స్. తల్లి తన పసివానిని వెంటబెట్టుకొని లెక్సింగ్‌టన్ పట్టణమున నున్న తన తండ్రియగు గ్రీన్ మర్ఫీ నాశ్రయించెను. ఆ వృద్ధుడు వేలముపాటలలో కేకలువేసి జనులను పిలుచు పని చేయుచుండెను. తల్లి బట్టలుతికి జీవించుచుండెను. తరువాతి కాలమున ఐజాక్ తాతగారియందలి గౌరవముచేత మర్ఫీ యను పేరును ధరించి, ఆ పేరునే లోకమునకు తెలియజేసెను.

కెంటకీ సీమ పచ్చికబయళ్లకును మేలుజాతి గుఱ్ఱములకును ప్రసిద్ధి. అక్కడి గుఱ్ఱపుశాలలలో గుఱ్ఱములను తోమువారును, మేపువారును, శిక్షించువారును, ఎక్కి పందెమున తోలువారును అధికభాగము నీగ్రోలే. బానిసత్వపు దినములలో యజమానులకొఱకు నేర్చిన విద్య స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట వారికి జీవనోపాయమాయెను. 1875వ సంవత్సరము మే నెల 17వ తేదీన లూయీవిల్ పట్టణమున మొట్టమొదటి కెంటకీ డర్బీ పందెము జరిగినపుడు, పాల్గొన్న 15 మంది రౌతులలో 13 మంది నీగ్రోలు. గెలిచిన ఆరిస్టైడిస్ అను గుఱ్ఱమును తోలిన ఆలివర్ లూయిస్ వారిలో నొకడు.

ఆ సంవత్సరముననే పదునాలుగేండ్ల ఐజాక్ రౌతుగా పందెములలో ప్రవేశించెను. ఈలై జోర్డన్ అను నీగ్రో అశ్వశిక్షకుడు అతనికి గురువు. బాలుడు చిన్న శరీరము కలవాడును, మితభాషియు, చెప్పినమాట మఱువనివాడునై యుండెను. తెల్లవాఱకమునుపే లేచి గుఱ్ఱములను నడిపించుట, వాని కాళ్లు తడవి వేడి యున్నదేమో చూచుట, గడియారము లేకయే గుఱ్ఱపు నడకనుబట్టి వేగము నంచనా వేయుట, ఇవి యతని తొలి పాఠములు. రెండేండ్లకే, అనగా 1877లో, కెంటకీ డర్బీయందు గుఱ్ఱమునెక్కి నాలుగవ స్థానము పొందెను.

1879వ సంవత్సర మతని జీవితమున ముఖ్యమైనది. ఫాల్సెట్టో అను గుఱ్ఱముపై అతడు ఆ యేటి డర్బీయందు రెండవవాడుగా వచ్చెను. తరువాత న్యూయార్కు రాష్ట్రములోని సారటోగాకు పోయి, అక్కడ మిక్కిలి పేరుపొందిన స్పెండ్‌త్రిఫ్ట్ అను గుఱ్ఱము నోడించి ట్రావర్స్ పందెమును గెలిచెను. వెంటనే కెన్నర్ పందెము రానుండెను. అందు ఫాల్సెట్టో ఓడినచో తమకు లాభము కలుగునని తలచిన జూదరులు ఆ పడుచు రౌతుకు ధనాశ చూపిరి. కళ్లెమును ఒక్క క్షణము బిగబట్టినచో చాలును; ఎవరును కనిపెట్టలేరు; గుఱ్ఱము నోరులేనిది, సాక్ష్యము చెప్పదు. బట్టలుతుకు తల్లికి పుట్టిన పదునెనిమిదేండ్ల పడుచువానికి ఆ ధనమెంత గొప్పగా కనబడియుండునో మన మూహింపవచ్చును. మర్ఫీ దానిని త్రోసివేసెను. పందెమున గుఱ్ఱమును దాని శక్తికొలది పరుగెత్తించి గెలిచెను. నాటినుండి మర్ఫీ యెక్కిన గుఱ్ఱము ఓడినను, అది న్యాయముగా నోడినదని జనులు నమ్మసాగిరి. రౌతునకు ఇంతకంటె గొప్ప బిరుదు లేదు.

అతని సవారి విధమును గూర్చి కొంత చెప్పవలెను. అనేకులు గమ్యము సమీపించగనే కొరడాతో గుఱ్ఱమును బాదుచు, మడమలతో పొడుచుచు తోలెడివారు. మర్ఫీ జీనుమీద నిటారుగా, కదలక కూర్చుండి, చేతులతోనే గుఱ్ఱమునకు తన యభిప్రాయమును తెలుపుచుండెను. కొరడా నతడు ఉపయోగించుట యరుదు. గెలుపునకు కావలసినంత వేగమే గుఱ్ఱమునుండి రాబట్టి, మిగిలిన సత్తువను దానికే విడిచిపెట్టువాడు. కావున అతని గెలుపు లనేకము తలవాసి గెలుపులై యుండెను. చూచువారికి గుండె దడదడలాడెడిది. ఇంకను ముందుగా గెలువరాదా యని కొందఱు విసుగుకొనెడివారు. కాని మఱునాడు గుఱ్ఱపుశాలకు పోయి చూచిన యజమానికి గుఱ్ఱము అలసట లేక దాణా మేయుచు కనబడెడిది. అరమైలు దూరమున గెలుచుట గొప్పయా, గుఱ్ఱమును కాపాడుచు గెలుచుట గొప్పయా యనునది చదువరులే యోచింపవలెను.

1884వ సంవత్సరమున మర్ఫీ బుకానన్ అను గుఱ్ఱముపై తన మొదటి కెంటకీ డర్బీని గెలిచెను. ఆ గుఱ్ఱ మంతకుముందు ఒక్క పందెమైనను గెలిచియుండలేదు. అదే సంవత్సరమున కెంటకీ ఓక్స్, క్లార్క్ అను పందెములనుకూడ గెలిచి, ఆ మూడింటిని ఒక్కయేటనే గెలిచిన రౌతు అనిపించుకొనెను. చికాగోలో క్రొత్తగా నేర్పడిన అమెరికన్ డర్బీని 1884, 1885, 1886, 1888 సంవత్సరములలో నాలుగుమార్లు గెలిచెను. కాలిఫోర్నియా ధనికుడగు బాల్డ్విన్ అతనికి సంవత్సరమునకు పదివేల డాలర్లకు తక్కువ కాకుండ జీతమిచ్చుచుండెను. లెక్సింగ్‌టన్‌లో అతడు భార్యయగు లూసీతోకూడ మంచి యింట గౌరవముగ కాపురముండెను. ఆ దంపతులకు సంతానము లేదు.

1890వ సంవత్సరమున అతని కీర్తి శిఖరమునకెక్కెను; ఆ సంవత్సరముననే పాతాళమునకును దిగెను. ఆ యేడు రైలీ అను గుఱ్ఱముపై అతడు రెండవ డర్బీని గెలిచెను. ఆ కాలమున సాల్వేటర్, టెన్నీ అను రెండు నాలుగేండ్ల గుఱ్ఱములను గూర్చి అమెరికాలో పెద్ద వాదము చెలరేగెను. సాల్వేటర్ చూపునకు అందమైనది, బంగారు చాయ కలది. టెన్నీ వీపు లోనికి వంగి చూపునకు వికారముగ నుండెడిది. కాని దాని పట్టుదలకు సాటి లేదని దాని పక్షమువారి వాదన. జూన్ 17వ తేదీన సబర్బన్ పందెమున సాల్వేటర్ గెలిచినను వాదము తీఱలేదు. అందుచేత జూన్ 25వ తేదీన న్యూయార్కు దాపున షీప్స్‌హెడ్ బే అను చోట రెండు గుఱ్ఱములకే పందెమేర్పఱచిరి. దూరము మైలుంబావు. సాల్వేటర్‌పై మర్ఫీ, టెన్నీపై గారిసన్. గారిసన్ చివరి ఘడియలో ఉప్పెనవలె వచ్చి గెలుచుటకు ప్రసిద్ధుడు.

సాల్వేటర్ ముందు సాగెను. గమ్యము దగ్గఱపడిన కొలది టెన్నీ అడుగడుగునకు దూరమును మ్రింగుచు వచ్చెను. జనులు కేకలు వేయుచుండిరి. మర్ఫీ మాత్రము చలింపలేదు. గుఱ్ఱము తన శక్తినంతయు నిచ్చుచున్నదని యెఱిగి, దానిని బెదరింపక చేతులతోనే నడిపెను. 2 నిమిషముల 5 సెకండ్లలో సాల్వేటర్ కొద్దిపాటి తేడాతో గెలిచెను. ఇంక కొన్ని గజము లున్నచో టెన్నీయే గెలిచియుండునని ఒక పక్షమువారును, గమ్యమెక్కడ నున్నదో ఎఱిగి గుఱ్ఱమును తోలుటయే రౌతు విద్య యని రెండవ పక్షమువారును పిదప చాలకాలము వాదించుకొనిరి. వంకరవీపుతో నంతటి పోరు సలిపిన టెన్నీని ఓడినదను పేరుతో తక్కువచేయుట న్యాయమని మాకు తోచదు.

రెండు నెలలు గడచెను. ఆగస్టు 26వ తేదీన మాన్‌మత్ పందెమున మర్ఫీ ఫైరెంజీ అను గొప్ప ఆడుగుఱ్ఱము నెక్కెను. అందఱును దానిదే గెలుపని తలచిరి. కాని మర్ఫీ జీనుపై తూలుచు, పడిపోవునట్లుండి, అన్నిటికంటె వెనుక చేరెను. త్రాగియున్నాడని కేకలు లేచెను, పత్రికలు నిందించెను, అధికారులు అతనిని సవారి చేయరాదని నిలిపివేసిరి. తాను రోగముచేతనే అట్లయితినని అతడు చెప్పుకొనెను. ఎవరో విషము కలిపియుందురని అనుమానించినవారును కలరు. అతని శరీరస్థితినికూడ మనము తలచుకొనవలెను. చలికాలమున అతని బరువు 130 పౌనులు దాటెడిది. వసంతము రాగనే తిండి మాని, దూరము నడచి, దానిని 110 పౌనుల ప్రాంతమునకు దింపవలసియుండెడిది. ఏటేట నిట్లు కృశింపజేసిన శరీరము ఒకనాడు ద్రోహము చేయుటలో వింత యేమున్నది? పదునైదేండ్లు కూడబెట్టిన మంచిపేరు ఒక్క మధ్యాహ్నమున చెదరిపోయెను. రెండు దినముల తరువాత సాల్వేటర్ ఏ ప్రతిపక్షియు లేక గడియారముతోనే పోటీపడి మైలుదూరమును 1 నిమిషము 35½ సెకండ్లలో పరుగెత్తి లోకము నాశ్చర్యపఱచెను. గుఱ్ఱము కీర్తి ఆకాశము నంటినపుడు దాని రౌతు నిందపాలై యుండెను.

అయినను మర్ఫీ పందెపు బాటను విడిచిపోలేదు. మఱుసటి సంవత్సరము, 1891లో, కింగ్‌మన్ అను గుఱ్ఱముపై మరల కెంటకీ డర్బీని గెలిచెను. ఆ గుఱ్ఱమునకు శిక్షకుడు డడ్లీ ఆలెన్ అను నీగ్రో. యాజమాన్యమునందు నతనికి భాగము కలదు. నాటి పందెమున నాలుగే గుఱ్ఱములు. ప్రతి రౌతును ఎదుటివాడు ముందుపోవలెనని కాచియుండుటచే మైలున్నర దూరమునకు 2 నిమిషముల 52¼ సెకండ్లు పట్టెను. గడియారమునుబట్టి చూచిన నది మిక్కిలి మందమైన గెలుపు. కాని వరుసగా రెండు డర్బీలను గెలిచిన మొదటి రౌతు మర్ఫీయే. మూడు డర్బీల గెలుపును మించిన రౌతు 1948వఱకు లేకపోయెను.

అటుపిమ్మట అతనికి గుఱ్ఱము లిచ్చువారు తగ్గిరి. బరువు లొంగదాయెను. అంతకంటె పెద్ద కారణ మొకటి కలదు. నీగ్రోలను అన్ని చోట్లనుండి వెలివేయు దురభిమానము ఆ దేశమున దినదినము పెరుగుచుండెను. పందెపు బాటలును దానికి తప్పలేదు. మొదటి 28 డర్బీలలో 15 గెలిచినవారు నీగ్రో రౌతులు. అట్టివారిలో 1902లో గెలిచిన జిమ్మీ వింక్‌ఫీల్డ్ తరువాత ఆ పేరు మరల వినబడలేదు. 1896వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన ముప్పదియైదవ యేట మర్ఫీ లెక్సింగ్‌టన్‌లో ఊపిరితిత్తుల జ్వరముచే మరణించెను. అయిదువందలకు పైగా జనులు శవము వెంట నడచిరి. తన 1,412 సవారీలలో 628 గెలిచితినని అతడు లెక్క చెప్పుకొనెను. తరువాతివారు లభించిన పత్రములను వెదకి 1,538 సవారీలలో 530 గెలుపులను గుర్తించిరి. ఈ తక్కువ లెక్కను గైకొన్నను మూడింట నొకటికి మించిన గెలుపు!

కాలక్రమమున అతని సమాధికూడ గడ్డిలో కలిసి మఱుగుపడెను. 1955లో అమెరికా గుఱ్ఱపు పందెముల కీర్తిశాలలో మొదటి వరుసలోనే అతని పేరు చేర్చిరి. కాని అతడెక్కడ నిద్రించుచున్నాడో చూపగలవారు లేకపోయిరి. ఒక పరిశోధకుడు మూడేండ్లు వెదకి ఆ చోటు కనుగొనెను. 1967లో అతని యస్థులను తీసి, మాన్ ఓ వార్ అను సుప్రసిద్ధమైన గుఱ్ఱపు సమాధి దాపున ఉంచిరి. పిమ్మట రెండు సమాధులును కెంటకీ గుఱ్ఱపు ఉద్యానమునకు మార్చబడెను.

చదువరులారా, మేటి గుఱ్ఱ మేది యను ప్రశ్నకు మర్ఫీ యొక్క మాటతో జవాబు చెప్పలేదు. తాను తోలిన తీరే అతని జవాబు. అప్పటికి ఒక్క గెలుపును లేని బుకాననును, గడియారమునే యోడించిన సాల్వేటరును అతడు ఒకే చేతితో నడిపెను. అతని దృష్టిలో గుఱ్ఱము చేయగలిగినదంతయు చేసినచో దాని ధర్మము తీఱినది. దానిని చేయనిచ్చుట, చేసినదానిని దొంగిలింపకుండుట, రౌతు ధర్మము. పందెమున ఎవడు ముందు వచ్చెనో స్తంభమువద్ద నిలుచున్నవారందఱు చూతురు. కళ్లెము బిగిసెనో లేదో పట్టినవానికి మాత్రమే తెలియును. మన బాలురు రేపు మైదానమున దిగునపుడును, పరీక్షాశాలలో కూర్చుండునపుడును, ఎవరును చూడని ఆ కళ్లెమును జ్ఞాపకముంచుకొందురుగాక.