వినికిడి పోయినా విద్య విడువని పంతులు గారు

మన సంఘం వార్షిక సంచికలో ఏటా ఒక పెద్దమనిషి జీవితం వేసుకోవడం ఆనవాయితీ. సర్ సయ్యద్ గారిని గూర్చి, మౌలానా ఆజాద్ గారిని గూర్చి మన పిల్లలకు ఎంతో కొంత తెలుసు. ఈసారి అలీగఢ్, ఢిల్లీ దాకా పోకుండా మన పొరుగూరి ఉస్తాద్ ఒకరిని గూర్చి వ్రాయాలని మాకు అనిపించింది. టెక్కలిలో గుణుపురం బండి ఎక్కితే పాతపట్నం దాటగానే పర్లాకిమిడి వస్తుంది. ఆ ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు పంతులు పని చేసిన గిడుగు వేంకట రామమూర్తి గారే ఆయన. వాడుక భాష కోసం ఆయన పోరాడారనీ, ఆగస్టు 29న జరుపుకొనే తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజేననీ బడికి వెళ్ళే ప్రతి పిల్లవాడూ చెబుతాడు. ఆయన చెవులు ఎలా పోయాయో, పోయాక మనసు పాడుచేసుకోకుండా ఎలా బ్రతికారో మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. మేము వ్రాయదలచింది ఆ సంగతి.

దీనికి మా సొంత కారణం ఒకటుంది. దాచడం ఎందుకు, చెప్పేస్తాం. మూడేళ్ళ క్రితం మా ఎడమ చెవి మందగించింది. వెనుక బెంచీ పిల్లవాడు ఏదైనా అడిగితే తల ఊపేసేవాళ్ళం. వాడు అడిగింది లెక్కలో అనుమానమో, నీళ్ళు తాగడానికి పోతాననో, దేనికైనా అదే తల ఊపు. పిల్లలు గడుసువాళ్ళు, నెలలోపే కనిపెట్టేశారు. పెళ్ళిళ్ళకు వెళ్ళడం తగ్గించాం. దావతులో పక్కవారు నవ్వితే మేమూ నవ్వేవాళ్ళం, ఎందుకు నవ్వామో మాకే తెలీదు. ఇంట్లో రెండోసారి పిలిస్తే కస్సుమనడం, రాత్రి నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లడం. ఎవరితోనైనా చెబితే మాస్టారి పని అయిపోయిందంటారని భయం. ఏడాదిన్నర ఇలా గడిపాం. ఆ రోజుల్లోనే గిడుగు వారి జీవితం మళ్ళీ చదివాం. చిన్నప్పుడు చదివింది పరీక్ష కోసం, ఇప్పుడు చదివింది మా కోసం.

ఆయన 1863 ఆగస్టు 29న పుట్టారు. ఊరు శ్రీముఖలింగానికి దగ్గరలో, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేట. తండ్రి వీర్రాజు గారు, తల్లి వెంకమ్మ గారు. తండ్రిది రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం. చోడవరం బదిలీ మీద వెళ్ళి 1875లో అక్కడే జ్వరంతో చనిపోయారు. అప్పటికి ఈయనకు పన్నెండేళ్ళు. ఆ తరువాత విజయనగరం మహారాజా వారి బడిలో చదివి మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయన సహాధ్యాయి. ఇంటి భారం మీద ఉన్నవాడికి పై చదువు ఎక్కడిది? 1880లో పర్లాకిమిడి రాజా వారి బడిలో పంతులుగా చేరారు. పదిహేడేళ్ళ పంతులు! ఇవాళ ఆ వయసు పిల్లవాడు ఇంటర్ ఫలితాలు చూసుకొని దుప్పటి ముసుగు తన్ని పడుకుంటున్నాడు.

పంతులు గారు పగలు పిల్లలకు చెబుతూ, మిగిలిన వేళ తాను చదువుకొన్నారు. కాలేజీ మెట్లు ఎక్కకుండా ప్రైవేటుగా కట్టి 1886లో ఎఫ్.ఏ., ఆ తరువాత పదేళ్ళకు, 1896లో బి.ఏ. పూర్తి చేశారు. ఈ పదేళ్ళను మన కుర్రవాళ్ళు ఒకసారి వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాలి. నెల రోజుల్లో ఇంగ్లీషు, వారంలో ఆత్మవిశ్వాసం అని ఫోనులో ప్రకటనలు చూసే కాలం మనది. ఆయనకు చరిత్ర మీద మక్కువ. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చదవాలని పాత లిపులు తనంతట తాను నేర్చుకొన్నారు, నేర్పేవారు లేరు. నరసన్నపేట దగ్గరి నడగాంలో దొరికిన గంగరాజు వజ్రహస్తుని రాగి రేకుల శాసనాన్ని చదివి, వివరించి, ఎపిగ్రాఫియా ఇండికా అనే పెద్ద పత్రికలో ప్రకటించారు. మారుమూల బడిపంతులు వ్రాసినదాన్ని ఆ పండితులు అచ్చువేశారంటే అందులో పస ఉండబట్టే కదా.

ఇక అసలు సంగతి. పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల మీది సవరలు సంతకు దిగి వచ్చేవారు. వారి మాట పట్టణంలో వారికి తెలీదు, పట్టణం మాట వారికి సరిగ్గా రాదు. తూకంలో మోసపోయినా, కచేరీలో నష్టపోయినా నోరు విప్పి చెప్పుకొనే దారి లేదు. పంతులు గారు ఆ భాష నేర్చుకోవాలనుకొన్నారు. దానికి పుస్తకం లేదు, వ్యాకరణం లేదు, లిపి కూడా లేదు. పైగా అది తెలుగుకు గాని ఒడియాకు గాని చుట్టం కాదు, ముండా కుటుంబం భాష. మాట మధ్యలో గొంతు చటుక్కున పట్టినట్టు ఆగే ధ్వనులు అందులో ఉన్నాయి, మనకు ఒకంతట పట్టుబడవు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని తన ఇంట్లోనే పెట్టుకొని, అన్నం పెట్టి, ఆయన దగ్గర శిష్యుడిలా కూర్చుని నేర్చుకొన్నారు. ఆ కాలపు బ్రాహ్మణ ఇంట్లో ఇది మామూలు విషయం కాదని వేరే చెప్పనక్కరలేదు. ఉద్యోగం ఉన్న పంతులు, ఊళ్ళో గౌరవం ఉన్నవాడు, సంతకు కట్టెలు తెచ్చే మనిషిని ఉస్తాదుగా ఒప్పుకోవాలంటే ముందు తన మీద తాను గెలవాలి.

ఇంట్లో నేర్చుకొన్నది చాలక కొండలకు వెళ్ళారు. సవర పల్లెల్లో తిరిగి పాటలు, కథలు వ్రాసుకొన్నారు. అక్కడి గాలి, నీరు పడక మన్యం జ్వరం పట్టుకొంది. ఆ జ్వరం దోమ ద్వారా వస్తుందని అప్పటికి ఎవరికీ తెలీదు. రొనాల్డ్ రాస్ దొర సికింద్రాబాదులో దోమ కడుపులో ఆ క్రిమిని చూసింది 1897లో. జ్వరానికి ఉన్న మందల్లా క్వినైను. పంతులు గారు దాన్ని తెగ మింగారు. జ్వరం తగ్గింది గాని వినికిడి దెబ్బతిన్నది. క్వినైను ఎక్కువైతే చెవుల్లో హోరు మొదలై వినికిడి పోతుందని డాక్టర్లు ఇవాళ చెబుతారు. ఆయనకు వచ్చిన చెవుడు జీవితాంతం వదల్లేదు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. పోయింది ఒక పంతులు చెవి. ఒక భాషలోని ధ్వనులను పట్టుకోవడానికి బయలుదేరిన మనిషి చెవి. కంసాలికి కన్ను పోయినట్టు, పలాస జీడిపప్పు బట్టీలో పని చేసేదానికి వేళ్ళు పోయినట్టు. దేనికోసం కొండ ఎక్కారో ఆ పని చేయడానికి కావలసిన పనిముట్టునే కొండ లాగేసుకొంది. ఇంకెవరైనా అయితే చాల్లే ఈ సవర గొడవ అని వదిలేసేవారు, తప్పు పట్టేవారూ ఉండరు.

ఆయన వదల్లేదు. వదలకపోగా పని పెంచారు. సవర పిల్లలకు వారి భాషలోనే చెప్పే బళ్ళు సొంత డబ్బుతో పెట్టారు, చదువుకొనే పుస్తకాలు తయారుచేశారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చి డబ్బు ఇవ్వబోతే, అది తనకు వద్దు, దానితో సవరలకు మంచి బడి పెట్టండి అన్నారట. ధ్వనులను అంతర్జాతీయ ధ్వని సంకేతాలతో కాగితం మీదికి ఎక్కించారు. కొడుకు సీతాపతి గారు కూడా ఈ సవర పనిలో తోడుగా నిలిచారు. మాకు తోచేది ఏమంటే, చెవికి అందనిదాన్ని కంటితో, నోటితో, తోటివారి సాయంతో పట్టుకొన్నారు. ఇంకొకరి సాయం తీసుకోవడానికి సిగ్గుపడలేదు. మేము ఏడాదిన్నర పాటు చేయలేనిది సరిగ్గా ఇదే.

వినికిడి తగ్గినవారు నలుగురికీ దూరమై దిగులులో పడతారని మా అనుభవం. ఇది ఒట్టి దిగులుతో పోయేది కూడా కాదు. లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2017లోనూ, మళ్ళీ 2020లోనూ, నడివయసులో పట్టించుకోని వినికిడి లోపం ముసలితనంలో మతి తప్పడానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటని తేల్చింది. మన ఉద్దానంలో దిగులుకు కారణాలు వెతకనక్కరలేదు. కిడ్నీ జబ్బుతో వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్ బెడ్డు మీద పడుకొనేవారు మన గల్లీల్లోనూ ఉన్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి తోటలను పడగొడితే, మళ్ళీ కాపు వచ్చేదాకా ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఇళ్ళు ఉన్నాయి. కొడుకు గల్ఫులో, కోడలు ఇక్కడ, మధ్యలో ఫోను. మగవాళ్ళు పైకి చెప్పుకోరు. చెప్పుకోకపోవడమే సబర్ అనుకొంటారు, మేమూ అలాగే అనుకొన్నాం. సబర్ అంటే నోరు మూసుకొని కుమిలిపోవడం కాదని ఈ పరాయి మతం పంతులు గారి జీవితంలో మాకు కనిపించింది. నోరు విప్పలేని దిగులు ఉన్నవారికి ప్రభుత్వం వారి టెలీమానస్ నంబరు 14416 ఉంది. 2022 నుండి నడుస్తోంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు సంచికలో వేయమని మేమే కోరాం.

తెలుగు సంగతి చాలామంది వ్రాసినదే గనుక తొందరగా చెబుతాం. బళ్ళ తనిఖీకి వచ్చే యేట్స్ దొరకు, జనం మాట్లాడే తెలుగు ఒకటీ పుస్తకాల తెలుగు ఒకటీ ఎందుకైందో అర్థం కాలేదు. ఆ ప్రశ్న పంతులు గారిని పట్టుకొంది. సవర పిల్లవాడికి సవరలో చెప్పాలన్నవాడు తెలుగు పిల్లవాడికి రాని తెలుగులో చెప్పమంటాడా? 1911లో ఉద్యోగం విరమించి, మిగిలిన బ్రతుకంతా ఈ పనికి పెట్టారు. పండితులు తిట్టారు. మొదట కాస్త అనుకూలంగా కనిపించిన ప్రభుత్వం తరువాత వెనక్కి తగ్గింది. 1915లో గురజాడ వారు పోయారు. 1919లో రాజమండ్రిలో సమాజం పెట్టి కందుకూరి వీరేశలింగం గారిని అధ్యక్షులుగా కూర్చోబెడితే, ఆయనా ఆ ఏడు మే నెలలోనే పోయారు. పంతులు గారు ఒంటరిగా తెలుగు అనే మాసపత్రిక నడిపారు, కొంతకాలానికి అదీ ఆగింది. అయినా పుస్తకాల మూటలు మోసుకొని సభలకు వెళ్ళి, పూర్వ కవులు ఎక్కడెక్కడ ఏ మాట వాడారో పేజీలు తిప్పి చూపించేవారు. ఎదుటివారు అరిచినది ఎంత వినబడేదో గాని, ఆయన చెప్పవలసింది మాత్రం చెప్పి వచ్చేవారు. ఆయన ఊరికే శాంతమూర్తి అని మేము అనం. కోపం ఉంది, పట్టుదల మొండితనం దాకా పోయేది. కాని ఆ కోపాన్ని ఇంట్లో వాళ్ళ మీద కాక, వాదానికి ఆధారాలు పోగు చేయడం మీద ఖర్చు పెట్టారు.

ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, పుస్తకంలో ఇంకోటి అని తడబడే మన పిల్లలను రోజూ చూసే మాకు ఈ భాగం దగ్గరగా తోచింది.

ఆయన చదివిన తరువాత మేము చేసింది చిన్న పని. విశాఖ వెళ్ళి వినికిడి పరీక్ష చేయించుకొన్నాం. చెవికి మిషను పెట్టుకొని క్లాసులోకి వెళ్ళి, ఇది ఏమిటో, ఎందుకో, ఎలా పనిచేస్తుందో పిల్లలకు ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఒక గడుగ్గాయి వెంటనే అడిగాడు, దీన్లో పాటలు వస్తాయా సార్ అని. చాలా రోజుల తరువాత ఎందుకు నవ్వామో తెలిసి నవ్వాం.

పంతులు గారి చివరి రోజులు సుఖంగా గడవలేదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి పోయింది. దానికి ఎదురు నిలిచి, గెలవలేక, యాభై ఏళ్ళకు పైగా బ్రతికిన ఊరిని వదిలి రాజమండ్రి చేరారు. అప్పటికి డెబ్బై దాటింది. ఆ వయసులో ఇల్లు, ఊరు పోయినా మనిషి మంచం పట్టలేదు. సవర భాష మీద వ్రాసిన పెద్ద పుస్తకం 1931లో, ఇంగ్లీషు-సవర నిఘంటువు 1933లో అచ్చయ్యాయి. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో బయటకు వచ్చింది, ఆయనకు అప్పుడు డెబ్బై అయిదు. కొండల్లో చెవి పోగొట్టుకొని తెచ్చుకొన్న మాటలే అవన్నీ.

1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయానికి వెళ్ళి, పత్రికల సంపాదకులను కూర్చోబెట్టుకొని, పత్రికలూ ప్రభుత్వమూ జనం భాషలో వ్రాయాలని చివరిసారి విన్నవించుకొన్నారు. జనవరి 22న అక్కడే కన్నుమూశారు. ఆయన అడిగింది విశ్వవిద్యాలయాలు ఒప్పుకోవడానికి ఇంకో ముప్ఫై ఏళ్ళు పట్టింది.