శ్రీమతి దుర్గాబాయి దేశముఖ్ గారి జీవితము

అన్నదానమువలన ఆ పూట ఆకలి తీరును. విద్యాదానమువలన జీవితమే గడచును. ఈ ధర్మమును నిరుపేద తల్లుల విషయమున ఆచరించి చూపిన మహనీయురాలు దుర్గాబాయిగారు. వారి చరిత్రమును సంఘసభ్యులకును పోషకులకును సంగ్రహముగా విన్నవించుచున్నాను.

వారు 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. ఎనిమిదవయేటనే వివాహమయ్యెను. బాల్యముననే హిందీ నేర్చి బాలికలకొక పాఠశాల నడపిరి. యుక్తవయస్సు వచ్చిన పిదప, తెలియని వయస్సున జరిగిన ఆ వివాహము తమకు సమ్మతము గాదని తెలిపి పుట్టింటనే నిలిచిరి. భర్త మఱియొక కన్యను పెండ్లాడెను.

1930లో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని కారాగారమునకేగిరి. అచ్చట అక్షరజ్ఞానము లేక, తమపై మోపిన నేరమేమో సరిగా తెలియకయే శిక్షలనుభవించు స్త్రీలను చూచి మిగుల పరితపించిరి. విడుదలయైన తరువాత కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను మొదలుకొని పట్టుదలతో చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున పట్టము పొంది, మద్రాసున న్యాయవాదినియైరి.

1937లో మద్రాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించిరి. బడి వయస్సు మీఱిన స్త్రీలను తక్కువ కాలములో మెట్రిక్యులేషనుకు సిద్ధపఱచుట అచ్చట ముఖ్యమైన పని. దానితోపాటు చేతిపనులును నేర్పుచుండిరి. 1941లో పూర్వపు భర్త మరణింపగా, ఆయన రెండవ భార్య దిక్కులేనిదయ్యెను. దుర్గాబాయిగారు ఆమెను చేరదీసి, సభలో వృత్తివిద్య నేర్పించిరి. ఆ వితంతువు తరువాత హైదరాబాదున చేతిపనుల శిక్షణాలయమున ఉపాధ్యాయినియై తన జీతముతో తాను బ్రదికెను. సవతి యను మాటకు లోకమున నున్న అర్థమును దుర్గాబాయిగారు ఇట్లు మార్చిరి.

రాజ్యాంగసభలోను, ప్రణాళికాసంఘములోను సభ్యురాలై, 1953లో చింతామణి దేశముఖ్ గారిని వివాహమాడిరి. ఆ యేడే కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైరి. అప్పుడొక చిక్కు కనబడెను. పల్లెలకు గ్రామసేవికలు, మంత్రసానులు, ఉపాధ్యాయినులు కావలెను. కాని ఆ పనులకు తగిన చదువు గల స్త్రీలు పల్లెలలో అరుదు. అదే పల్లెలలో వితంతువులు, భర్తలు విడిచిన తల్లులు కూలి దొరకక కుమిలిపోవుచుండిరి. ఈ రెండు కొఱతలను ఒకదానితో నొకటి తీర్పవచ్చునని వారు గ్రహించిరి. మహిళాసభ అనుభవమే ఆధారముగా 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమమును దేశమంతట ప్రారంభింపజేసిరి. పలు సంవత్సరముల చదువు రెండేండ్లలో ముగియుట అందలి విశేషము. చదువు సాగని స్త్రీలకు పని కల్పించి కూలి ముట్టజెప్పు ఉత్పత్తి కేంద్రములకును మండలి ఆ యేటనే ధనసహాయ మారంభించెను.

చిరకాలము బడిలో పాఠములు చెప్పిన నాకు ఇందలి మర్మము తెలియును. బిడ్డల ఆకలి నెఱిగిన తల్లి, బాలురు ఏడాదికి నేర్చినది ఆరు మాసములలో నేర్చును. అయితే ఆమె చదువుకొను దినములలో పొయ్యి వెలుగునట్లు చూచువారుండవలెను. చదువు ముగియునాటికి ఉద్యోగమో, చేసిన వస్తువునకు బేరమో సిద్ధముగా నుండవలెను. ఇవి లేని శిక్షణము నీరు పోయని నారువంటిది.

1975లో పద్మవిభూషణ బిరుదము నంది, 1981 మే 9వ తేదీన వారు పరమపదించిరి. మన పోషకులు ఏటేట చీరలు, బియ్యము పంచుచున్నారు, అది పుణ్యమే. ఆ ధనములో కొంత ఒక్కొక్క తల్లి రెండేండ్ల చదువునకు వినియోగించినచో, మఱుసటి యేడు ఆమె మన గుమ్మమున చేయి చాపి నిలువదు. చందా నిచ్చుటకు వచ్చును. దుర్గాబాయిగారికి అంతకు మించిన స్మారకము లేదు. స్వస్తి.