పక్షులను ప్రేమించిన ఉపాధ్యాయుఁడు

మన అత్తిలికి ఎంతో దూరము కాని ఆరేడులో 1946వ సంవత్సరమున గూడబాతుల గూళ్లను కనుగొని లోకమునకుఁ దెలిపినవారు కె. కె. నీలకంఠన్‌గారు. వీరు 1923లో మలయాళ దేశమందు జన్మించిరి. ఆంగ్లభాషా బోధనమే వీరి వృత్తి; పక్షులను గమనించుట తీరిక వేళల పని. ఉపాధ్యాయులమగు మాకు ఇదియే మిక్కిలి ముచ్చట గొలుపుచున్నది. ఆ గూళ్ల వృత్తాంతమును 1949లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి పత్రికలోఁ బ్రకటించిరి. పిమ్మట ఇందుచూడన్ అను పేర 1958లో కేరళ పక్షులను గూర్చి మలయాళమున గ్రంథము వ్రాసిరి.

విద్యుత్తుకై కట్టఁదలఁచిన ఆనకట్ట సైలెంటు వాలీ యడవిని ముంచకుండ, జీతము బత్తెము లేక పోరాడిన ఉపాధ్యాయులు, కవుల నడుమ వీరును నిలిచిరి. 1984లో అది జాతీయవనమాయెను. వీరు 1992లో గతించిరి. కొల్లేటి గూడబాతులు మాత్రము 1975 ప్రాంతముననే గూళ్లు విడిచి పోయినవి. ఇప్పుడు ఆటపాకలో మనుష్యులు నిలిపిన మంచెలపై మరలఁ బిల్లలను బెంచుచున్నవి.